చెకింగ్

మూసారాంబాగ్‌లో రెండో అంతస్తు, లిఫ్టు లేదు.
ఆరుంబావుకి తలుపు తీసే ఉంటుంది.
పరగడుపు అక్కర్లేదమ్మా, టీ తాగొచ్చు అని
మూడేళ్ళుగా చెప్తున్నాను.
పుష్పలీలమ్మ తాగదు.
టీ గిన్నె మీద మూతపెట్టి
కుడిచెయ్యి బల్ల మీద పరిచి కూర్చుంటుంది.

ఎడమచేతికి సూది తగలకూడదు,
ఆ వైపు చంకలో గ్రంథులు పదకొండు తీసేశారు.
ఇరవై ఆరేళ్ళు టికెట్ల కట్ట పట్టిన చెయ్యి అది.
మిగిలింది పంచ్ కొట్టిన చెయ్యి.
అందులో నాకు దొరికే నరం ఒక్కటే,
గుచ్చిన చోటే గుచ్చీ గుచ్చీ
చర్మం అక్కడ అట్టలా బిరుసెక్కింది.

మొదటిసారి చీటీ చూసి అడిగింది:
"సీఏ ఫిఫ్టీన్ త్రీ.
ఇదేం బస్సు బిడ్డా? ఏ డిపోది?"
నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.
నాకు తెలిసినంత చెప్పాను.
రొమ్ములో పుట్టిన ఆ కణం
తన ఒంటి మీది పూతను నెత్తుట్లో రాలుస్తుందనీ,
మళ్ళీ ఇంకెక్కడో గుంపు కడితే
ఆ రాలుడు పెరుగుతుందనీ,
స్కానులో మచ్చ పడకముందే, ఒక్కోసారి.
ఒక్కోసారేనమ్మా. ఉత్తుత్తికే కూడా పెరుగుతుంది.

చాలాసేపు పంకా వైపు చూసి
"అంటే టికెట్ లేనోడు" అంది.
"మనిషి కనవడడు. మంది ఎన్క నిలవడ్తడు.
గని లెక్క కలువది.
టికెట్లు నలబై ఏడు, తలకాయలు నలబై ఎనిమిది.
గా ఒక్కడు యాడున్నడో
స్టేజీ దాటకముందే పట్టాలె."

పాత వేబిల్లు వెనక రాసిపెట్టుకుంటుంది,
తేదీ, అంకె, పక్కన పొడి సంతకం.
ఇరవై రెండు. ఇరవై నాలుగు. ఇరవై మూడు.
పోయినసారి ముప్పై తొమ్మిది.

రెడ్‌హిల్స్‌లో డాక్టరమ్మ స్కాను తీయించింది.
ఎముకల్లో లేదు, కాలేయంలో లేదు, ఊపిరితిత్తుల్లో లేదు.
నెల ఆగి మళ్ళీ చూద్దామంది.
ఆ నెల ఎలా గడిచిందని నేనడగలేదు.
గోడ మీది క్యాలెండర్లో
పాల లెక్క పక్కన
రోజుకో చిన్న సున్న.

ఇవాళ చెల్లెలు కూడా ఉంది, వంటింటి గడపలో.
"ముందుగాల తెలిస్తే ఏమొచ్చిందక్కా,
నిద్ర వోయింది తప్ప" అంటోంది.
"డ్యూటీల నిద్రవొయ్యే కండక్టరు నెప్పుడన్న చూసినవా?"
అని ఈమె.
పిడికిలి మాత్రం నేను చెప్పకముందే బిగించింది.

పసుపు మూత గొట్టం.
నరం మొండికేసి, తర్వాత ఒప్పుకుంది.
అయిదుసార్లు మెల్లగా తిరగేసి స్టిక్కరంటించాను.
పేరు పట్టదు దాని మీద,
పుష్పలీ, అని ఆగిపోతుంది.
దూది ఒత్తిపట్టుకుని గొట్టం వంక చూసింది,
దిగాల్సిన మనిషిని చూసినట్టు.

మెట్లు దిగుతుంటే వెనక స్టవ్ అంటుకున్న చప్పుడు.

చాదర్‌ఘాట్ వంతెన మీద ట్రాఫిక్.
మూసీ వాసన హెల్మెట్లోకి వచ్చేస్తుంది.
ముందు బస్సులో ఓ కండక్టరమ్మ
పెదవులు కదుపుతూ తలలు లెక్కపెడుతోంది.
నా వెనక సీటు మీద ఐసుడబ్బాలో
పదకొండు గొట్టాలు, పదకొండు స్టిక్కర్లు.
మళ్ళీ ఒకసారి లెక్కపెట్టాను. పదకొండే.

రిజల్టు నాకు రాదు.
నాకొచ్చేది తర్వాతి బుకింగ్.
మూడు నెలలకు పడితే మంచిది.
మూడు వారాలకు పడితే
మెట్ల మీద నా కాళ్ళకే ముందు తెలుస్తుంది.

నారాయణగూడలో డబ్బా అప్పగించి
ఫోను జేబులో వేసుకున్నాను.
తీసి, సౌండు పెంచి, మళ్ళీ వేసుకున్నాను.